గేరు వేసిన పిదప కదలని బండి

(శ్రీనివాసపురమున మన సంఘ సభలో ఒక మామిడి మండీ వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నిలిచి మాటలాడువారు సాధారణముగా ఉపాధ్యాయులు, పండితులు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన వెంటనే మా నాయనగారి వెంట మామిడి మండీలో కూర్చున్న వర్తకుడను. కావ్యములను గూర్చి చెప్పు శక్తి నాకు లేదు. అందుచేత కార్యదర్శిగారు "మీ అనుభవములో నుండి పదిమందికి పనికివచ్చు మాట ఏదైనను చెప్పుడు" అని కోరినప్పుడు, గత మామిడి కాలములో నేను చేసిన ఒక తప్పును, దానివలన నేర్చిన పాఠమును మీ ముందుంచుటకు సమ్మతించితిని. విషయము చిన్నది. క్లచ్చి లేని పాత కారులో, అనగా ఆటోమాటిక్ బండిలో, గేరు వేసిన తరువాత బండి వెంటనే పట్టుకొనక ఆలస్యము చేయుట ఎందువలన? దాని కారణమును ఎట్లు కనిపెట్టవలెను?

ఇది మెకానిక్కు చూచుకొనవలసిన పని గదా, సభలో చెప్పవలసిన మాటయా అని కొందరికి తోచవచ్చును. కాని మన ఇండ్లను ఒకసారి చూడుడు. మన పిల్లలు బెంగుళూరులో ఉద్యోగములు చేయుచున్నారు. వారు క్రొత్త కారు కొనినప్పుడు పాతదానిని అమ్మక ఊరిలోనున్న తల్లిదండ్రులకు ఇచ్చుచున్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు క్లచ్చి త్రొక్కు శ్రమ లేని బండి సుఖముగా నుండును. ఈ విధముగా పది, పదునైదు సంవత్సరములు నడిచిన ఆటోమాటిక్ కార్లు మన వీధులలో చేరుచున్నవి. వానిని నడుపువారు వయసు మీరినవారు. కాబట్టి ఈ మాట మన ఇండ్ల మాటయే.

మా ఇంట 2009వ సంవత్సరములో తయారైన అట్టి కారొకటి కలదు. దానిని కొనుటకు కారణము మా తమ్ముడు. పసితనమున పోలియో సోకి వాని ఎడమకాలు సన్నబడినది. క్లచ్చి త్రొక్కజాలడు. ఈ బండి వచ్చిన దినము మొదలుకొని వాడు ఎవరి భుజముపైనను చేయి వేయక, తానే యల్దూరు, రాయల్పాడు దిక్కుల తోటలకు పోయి, కాయ చూచి, బేరము మాటలాడి వచ్చుచున్నాడు. మా మండీకి సగము కాయ వాని కంటితో వచ్చునదే.

కొన్ని నెలలుగా ఆ బండి గేరు వేసిన తరువాత కొంచెము ఆగి కదలుచుండెను. మొదట ఒక క్షణము, తరువాత రెండు క్షణములు. తమ్ముడు నవ్వి "దానికి ఇంకా నిద్రమబ్బు వదల్లేదన్నా" అనెడివాడు. మేమందరము ఆ నిద్రమబ్బునకు అలవాటు పడితిమి. రోజూ చూచు మనిషి చిక్కిపోవుట ఇంటివారికి తెలియనట్లే, రోజూ నడుపు బండి చెడుట మాకు తెలియలేదు.

జూన్ నెలలో ఒక ఉదయము బండిని నేను తీసితిని. మండీ ఆవరణలో వెనుకకు పోవలెనని కడ్డీని ఆర్ అను అక్షరము వద్దకు తెచ్చితిని. బండి కదలలేదు. వెనుక లారీవాడు హారను కొట్టుచుండెను. తొందరలో యాక్సిలరేటరు త్రొక్కితిని. ఇంజను అరచినది గాని బండి అప్పుడును కదలలేదు. ఇంకను త్రొక్కితిని. ఒక్కసారిగా గేరు పట్టుకొని బండి వెనుకకు దూకినది. తోతాపురి క్రేట్ల వరుసను గుద్ది ఆగినది. ఆ వరుసలో నుండి ఒక క్రేటు ఎత్తుకొని హమాలీ ఒకాయన అప్పుడే రెండడుగులు ప్రక్కకు వేసియుండెను. ఆయన వెనుకకు తిరిగి చూచి, "పోనీలే సామీ, కాయలే కదా పొయ్యింది" అనెను. నాకు మాత్రము చాలసేపటి వరకు కాళ్ళు వణకుచునే యుండెను. ఆ రెండడుగులను తలచుకొని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. దోషము బండిలో నున్నమాట నిజమే. కాని యాక్సిలరేటరు త్రొక్కిన కాలు నాది.

మరునాడే బండిని నగరములోని ఒక పెద్ద కర్మశాలకు తీసికొనిపోతిని. వారు అయిదు నిమిషములు నడిపి చూచి, గేరుబాక్సు మొత్తము మార్చవలెనని చెప్పిరి. వారు చెప్పిన మొత్తము బండిని అమ్మినచో వచ్చు ధరలో సగమునకు మించియుండెను. ఆయిలు చూచితిరా అని నేనడుగలేదు, వారును చెప్పలేదు. తిరిగివచ్చు దారిలో తమ్ముడు మాటలాడలేదు. ఊరు దగ్గర పడిన తరువాత "ఇది పాయెనంటే మళ్ళా నేను ఇంట్లో కూర్చోవాల్సిందేనా అన్నా?" అని మాత్రము అడిగెను. నా దగ్గర జవాబు లేకపోయెను.

మన ఊరిలో షెడ్డు పెట్టుకొనియున్న ఒక మెకానిక్కు వద్దకు చివరి ఆశతో పోతిని. ఆయన బండి ఎక్కకమునుపే మూడు ప్రశ్నలు వేసెను. "పొద్దున్నే మాత్రమా, పగలంతానా? ముందుకు పోయేటప్పుడా, వెనక్కా, రెండింటికీనా? గేరు ఆయిలు ఎప్పుడు మారిస్తిరి?" మూడవ ప్రశ్నకు నేను తల వంచుకొంటిని. ఇంజను ఆయిలు తప్పక మార్పించితిమి గాని గేరుబాక్సునకు వేరే ఆయిలు కలదనియు, దానిని చూచుచుండవలెననియు మాకు తోచనే లేదు. బండి కొనిన దినము నుండి దానిని ఎవరును ముట్టలేదు.

ఆయన ఆ మూడు ప్రశ్నలు ఎందుకు వేసెనో తెలియవలెనన్నచో ఈ యంత్రము ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనవలెను. మామూలు బండిలో ఇంజను బలమును చక్రములకు అందించుటకును, విడదీయుటకును మన ఎడమకాలు కావలెను. ఆటోమాటిక్ బండిలో ఆ పనిని ఆయిలు చేయును. ఒకదానికొకటి ఎదురుగా రెండు పంకాలు పెట్టి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును గదా! గాలికి బదులు ఆయిలుతో నిండిన పెట్టెలో అట్లే జరుగును. దానిని టార్కు కన్వర్టరు అందురు. ఈ సూత్రమునకు హెర్మన్ ఫాటింగర్ అను జర్మను ఇంజనీరు 1905లో పేటెంటు పొందెను. ఆయన దానిని మొదట ఓడల కొఱకు ఉద్దేశించెను. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లలో హైడ్రామాటిక్ అను పూర్తి ఆటోమాటిక్ గేరును అమ్మకమునకు పెట్టినప్పుడు, ఆయిలుతో బలమును అందించు ఈ పద్ధతియే సామాన్య కారులోనికి వచ్చినది.

కన్వర్టరు వెనుక గేరుబాక్సు ఉండును. అందులో ముందు గేర్లకొకటి, వెనుక గేరునకొకటి, ఇట్లు క్లచ్చి పలకల కట్టలు కలవు. ఇంజను తిరిగినప్పుడు ఒక పంపు అడుగు తొట్టిలోని ఆయిలును ఫిల్టరు ద్వారా పీల్చి ఒత్తిడితో పైకి పంపును. మనము కడ్డీని ఎన్ నుండి డి లోనికి జరిపినప్పుడు లోపల నొక వాల్వు జరిగి, ముందు క్లచ్చి దారిని తెరచును. ఆయిలు పోయి ఆ క్లచ్చి పిస్టను వెనుక నిండును. పిస్టను పలకలను నొక్కును. అప్పుడు గేరు పట్టుకొనును. అనగా కడ్డీ జరుపుటకును, బండి పట్టుకొనుటకును మధ్యనున్న కాలము ఆయిలు పోయి నిండు కాలమే.

మనది చెరువుల జిల్లా. ఈ యంత్రమును చెరువుతో పోల్చినచో మన రైతులకు వెంటనే తెలియును. మడికి నీరు ఆలస్యముగా వచ్చుచున్నదన్నచో కారణములేవి? చెరువులో నీరు తగ్గియుండవచ్చును. తూమునకు చెత్త అడ్డుపడియుండవచ్చును. కాలువకు గండి పడియుండవచ్చును. మడవ సరిగా తీయకపోయియుండవచ్చును. ఇవన్నియు చూచిన తరువాత గదా, మడి నేలయే చెడినదని అనవలసినది! గేరుబాక్సులోను అంతే. తొట్టిలో ఆయిలు తగ్గుట చెరువు ఎండుట వంటిది. ఫిల్టరు పూడుట తూము పూడుట వంటిది. సీళ్ళు కారుట గండి వంటిది. కడ్డీ తీగ సరిగా లేకుండుట మడవ సగము తీసినట్లు. క్లచ్చి పలకలు అరుగుట మడి చెడుట. నగరమువారు మొదటనే మడి చెడినదనిరి. మన మెకానిక్కు చెరువు గట్టు నుండి బయలుదేరెను.

ఇప్పుడు ఆయన నాకు చూపిన వరుసను చెప్పెదను.

మొదటిది, ఆలస్యమును కొలుచుట. "కొంచెము ఆగుచున్నది" అను మాటతో పని జరుగదు. బండిని చదునైన నేలపై నిలిపి, ముందు వెనుక మనుషులు లేకుండ చూచి, చక్రములకు రాళ్ళు పెట్టి, చేతిబ్రేకు వేసి, కాలిబ్రేకును గట్టిగా త్రొక్కిపట్టవలెను. ఇంజను బాగుగా వేడెక్కి, నిదానముగా తిరుగుచుండవలెను. ఏసీ ఆపవలెను. యాక్సిలరేటరును ముట్టరాదు. కడ్డీని ఎన్ నుండి డి లోనికి జరిపిన క్షణము మొదలు, బండి మెల్లగా ఒక గుంజు గుంజు వరకు ఎంత కాలమో చేతిఫోనులోని గడియారముతో చూడవలెను. ఒక నిమిషము ఆగి మరల చూడవలెను. ఇట్లు మూడుసార్లు చూచి సగటు కట్టవలెను. పిదప ఎన్ నుండి ఆర్ లోనికి అట్లే చేయవలెను. ముందు గేరునకు సుమారు 1.2 సెకండ్లు, వెనుక గేరునకు 1.5 సెకండ్ల లోపున పట్టుకొనవలెనని కొన్ని బండ్ల మాన్యువళ్ళలో వ్రాసియుండును. మా బండికి ముందుకు మూడు, వెనుకకు నాలుగు సెకండ్లు పట్టెను.

రెండవది, ఎప్పుడు ఆలస్యమగుచున్నదో గమనించుట. రాత్రంతయు నిలిచిన బండి ఉదయము మొదటిసారి మాత్రమే ఆలస్యము చేసి, తరువాత దినమంతయు బాగుగా నడచినచో అది ఒక జాతి వ్యాధి. బావి మీది పంపుసెట్టును తలచుకొనుడు. అడుగున ఫుట్‌వాల్వు కారుచున్నచో రాత్రికి రాత్రి గొట్టములోని నీరు బావిలోనికి దిగిపోవును. ఉదయము మోటారు తిరిగినను నీరు రాదు. నీళ్ళు పోసి నింపవలెను. పాత గేరుబాక్సులోను కన్వర్టరులోని ఆయిలు రాత్రివేళ తొట్టిలోనికి జారిపోవచ్చును. ఉదయము అది మరల నిండువరకు బండి కదలదు. సంవత్సరముల వేడికి రబ్బరు సీళ్ళు గట్టిపడినను చలిలో ఆలస్యము కనబడి, అవి వేడికి మెత్తబడిన తరువాత తగ్గును. దీనికి విరుద్ధముగా, ఉదయము బాగుగానుండి, చాల దూరము నడచిన తరువాత ఆలస్యము పెరిగినచో, వేడికి పలుచనైన ఆయిలు అరిగిన పంపు నుండియో, సీళ్ళ నుండియో జారిపోవుచున్నదని అనుమానింపవలెను. ఇది మొదటిదానికన్న గట్టి వ్యాధి.

మూడవది, ఏ గేరునకు ఆలస్యమో చూచుట. ముందునకును, వెనుకకును రెండింటికిని ఆలస్యమైనచో దోషము రెండింటికి ఉమ్మడిగానున్న చోట, అనగా ఆయిలు, ఫిల్టరు, పంపు, ఒత్తిడి వద్ద ఉండుటకు అవకాశమెక్కువ. ఒక్కదానికే ఆలస్యమైనచో ఆ గేరు క్లచ్చి వద్దనో, దానికి పోవు దారిలోనో వెదకవలెను. ఈ ఒక్క తేడా తెలిసిన యెడల సగము వెదకులాట తప్పును. మాకు రెండింటికిని ఆలస్యము. కాబట్టి ఆశ కలిగినది.

నాలుగవది, ఆయిలును చూచుట. దీనికి ఖర్చు లేదు. చాల బండ్లలో ఇంజనుకు వలెనే గేరుబాక్సునకును ఒక కొలకడ్డీ కలదు. బండి వేడెక్కిన తరువాత చదునైన నేలపై, ఇంజను తిరుగుచుండగా, కాలిబ్రేకు త్రొక్కియుంచి కడ్డీని అన్ని అక్షరముల మీదుగా నడిపి పి వద్దకు తెచ్చి, అప్పుడు చూడవలెను. కొన్ని బండ్లలో ఇంజను ఆపి చూడవలసియుండును. కొన్నింటిలో కొలకడ్డీ యే ఉండదు, మెకానిక్కే క్రింది బిరడా విప్పి చూడవలెను. మీ బండి పుస్తకములో ఏమి వ్రాసియున్నదో అదియే ప్రమాణము. ఆయిలు తక్కువైనచో పంపు గాలిని పీల్చును. ఎక్కువైనను లోపలి చక్రములు దానిని చిలికి నురుగు చేయును. నురుగుతో ఒత్తిడి రాదు. కాబట్టి ఉరామరిగా పోయరాదు.

ఆయిలు రంగును, వాసనను కూడ చూడవలెను. సాధారణముగా క్రొత్త ఆయిలు ఎఱ్ఱగా, తేటగా నుండును. గోధుమరంగు తిరిగినచో పాతబడినది. నల్లబడి మాడు వాసన కొట్టినచో పలకలు కాలుచున్నవని అర్థము. పాలు కలిపినట్లు గులాబిరంగుగా నున్నచో రేడియేటరులోని నీరు ఆయిలులోనికి దిగుచున్నది. అట్టి బండిని అప్పుడే ఆపివేయవలెను. మరొక మాట. ఇంజను ఆయిలు కొంత కాలిపోవచ్చును గాని గేరు ఆయిలు కాలి తగ్గునది కాదు. తగ్గినదన్నచో ఎక్కడనో కారుచున్నది. ఆ చోటు వెదకక పైన పోసికొనుచు పోవుట, గండి పూడ్చక చెరువు నింపుటయే.

అయిదవది, కడ్డీని గేరుబాక్సునకు కలుపు తీగను, దాని బుష్షులను చూచుట. అవి అరిగినచో పైన కడ్డీ డి వద్దకు వచ్చినను లోపలి వాల్వు పూర్తిగా జరుగదు. కడ్డీని కొంచెము ఇటునటు కదలించినప్పుడు గేరు పట్టుకొనినచో ఈ అనుమానము బలపడును. పి, ఎన్ లలో గాక మరి ఏ అక్షరము వద్దనైనను ఇంజను స్టార్టయినచో అదియు ఒక గుర్తు, పైగా ప్రమాదము.

ఆరవది, విద్యుత్తు. ఈ బండ్లలో ఆయిలు దారులను తెరచి మూయు చిన్న సొలినాయిడ్లు కలవు. వానికి కంప్యూటరు ఆజ్ఞలిచ్చును. స్కానరు తగిలించి తప్పుల సంఖ్యలను చదువవచ్చును. బ్యాటరీ బలహీనమైనను, తీగల కొనలు త్రుప్పు పట్టినను ఆజ్ఞ సరిగా అందదు. వీనిని శుభ్రము చేయుటకు పెద్ద ఖర్చు కాదు.

ఏడవది, ఒత్తిడిని కొలుచుట. గేరుబాక్సుపై ఇందుకొఱకై ఒక రంధ్రము ఉండును. అక్కడ గేజి తగిలించి ఒత్తిడిని మాన్యువలులోని అంకెతో సరిపోల్చవలెను. ఆయిలు, ఫిల్టరు సరిగానుండియు ఒత్తిడి తక్కువైనచో పంపు లేక వాల్వు చెడినది. ఒత్తిడి సరిగానుండియు గేరు ఆలస్యముగా పట్టుకొనినచో ఆ క్లచ్చి సీళ్ళో, పలకలో చెడినవి. ఇప్పుడు, ఇన్ని చూచిన తరువాత, గేరుబాక్సు విప్పవలెనని ఎవరైనను చెప్పినచో ఒప్పుకొనవచ్చును.

మా బండి విషయములో అంత దూరము పోవలసిన పని కలుగలేదు. కొలకడ్డీ తీసి చూడగా ఆయిలు క్రింది గీతకును అందలేదు. రంగు ముదురు గోధుమ. మాడు వాసన లేదు. బండి క్రింద పండుకొని చూచిన మెకానిక్కు, ఆయిలును చల్లబరచుటకు రేడియేటరు వద్దకు పోవు రబ్బరు గొట్టము కొసను వ్రేలితో తుడిచి, ఆ తడిని నాకు చూపెను. గొట్టము పగులుపట్టి, క్లిప్పు వదులై, నెలల తరబడి చుక్కచుక్కగా కారియుండెను. నేల మీద పడిన చుక్కలను మేము ఇంజను ఆయిలనుకొని ఊరకుంటిమి. అడుగు తొట్టి విప్పగా ఫిల్టరు మడ్డితో నిండియుండెను. తొట్టిలోని అయస్కాంతముపై సన్నని బూడిదవంటి పొడి మాత్రమే కలదు. లోహపు తునకలు గాని, పలకల పెచ్చులు గాని లేవు. "ఈ పొడి వయసుకు తగిందే. తునకలు దొరికి ఉంటే నేనూ గేరుబాక్సే అనేవాణ్ణి" అని ఆయన చెప్పెను.

గొట్టము, క్లిప్పు, ఫిల్టరు, తొట్టి ప్యాకింగు మార్చి, బండి పుస్తకములో చెప్పిన రకపు ఆయిలే పోసితిమి. అడుగు బిరడా తీసినప్పుడు ఆయిలంతయు రాదు. చాల భాగము కన్వర్టరులోనే నిలిచిపోవును. అందుచేత కొన్ని దినములు నడిపి మరల తీసి పోయుట, ఇట్లు మూడు పర్యాయములు చేసితిమి. ఇప్పుడు వేడెక్కిన బండి ముందునకు ఒక సెకండులో పట్టుకొనుచున్నది. వెనుకకు ఒకటిన్నర. ఖర్చు, నగరములో చెప్పిన మొత్తములో పదవవంతునకు లోపే.

అయితే బండి సంపూర్ణముగా బాగైనదని చెప్పినచో అబద్ధమగును. ఉదయము మొదటిసారి ఇంకను రెండు సెకండ్లకు మించి పట్టుచున్నది. అది ఫుట్‌వాల్వు జాతి వ్యాధి. దానికొఱకు గేరుబాక్సు విప్పుట ఇప్పుడు లాభము కాదని మెకానిక్కు చెప్పెను. దానిని మేము నెలనెలా కొలిచి పుస్తకములో వ్రాయుచున్నాము. పెరిగినచో విప్పించెదము. ఆ నగరపు కర్మశాలవారు మోసము చేయదలచిరని కూడ నేననను. మా బండి పలకలు కాలియుండినచో వారు చెప్పినదే నిజమయ్యెడిది. వారు చూడకుండ చెప్పిరి. నేను అడుగకుండ వింటిని. రెండును తప్పులే. వ్యాపారములో నేను కాటా చూడక లెక్క ఒప్పుకొందునా?

ఇక చేయరాని పనులను నాలుగు మాటలలో చెప్పెదను. గేరు పట్టుకొనకున్నప్పుడు యాక్సిలరేటరు త్రొక్కరాదు. పలకలు జారి కాలిపోవును. పట్టుకొనిన క్షణమున బండి దూకును. గేరు పట్టుకొను వరకు కాలిని బ్రేకు మీద నుండి తీయరాదు. బండి వెనుకకు దొర్లుచుండగా డి లోనికి, ముందుకు దొర్లుచుండగా ఆర్ లోనికి వేయరాదు. ఒక ఆయిలునకు బదులు వేరొకటి, "అన్నియు ఒకటే" అనువారి మాట విని పోయరాదు. సీళ్ళను మెత్తబరచు మందులని సీసాలలో అమ్మునవి కొంతకాలము రోగమును దాచవచ్చునే గాని అరిగినదానిని తిరిగి పెంచవు. బ్రేకు త్రొక్కిపట్టి యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి చూచు పరీక్షను ఇంట చేయరాదు. అది తెలిసినవారు కొద్ది సెకండ్లు మాత్రమే చేయు పరీక్ష. బండి దారిలో నిలిచిపోయినచో ఇంజను బలము పోవు చక్రములు నేలమీద దొర్లునట్లు త్రాడు కట్టి లాగించరాదు. ఇంజను ఆగినప్పుడు పంపు తిరుగదు. ఆయిలు అందక లోపలి భాగములు ఎండి అరుగును. బండిని లారీపైకి ఎక్కించుటయే మేలు.

మరొక హెచ్చరిక. క్లచ్చి లేని బండ్లన్నియు ఒక జాతివి కావు. మన దేశములో 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఏ.ఎం.టి. అను రకములో టార్కు కన్వర్టరు లేదు. అందులో మామూలు క్లచ్చే ఉండును, దానిని మన కాలికి బదులు ఒక యంత్రము త్రొక్కును. దానిలో ఆలస్యమునకు క్లచ్చి అరుగుదల, ఆ త్రొక్కు యంత్రము మొదలగునవి కారణములు. పట్టీతో నడచు సి.వి.టి. అను మరొక రకమునకు ఆయిలే వేరు. కాబట్టి షెడ్డునకు పోవుటకు ముందు మీ బండి ఏ జాతిదో పుస్తకము చూచి తెలిసికొనుడు.

ఈ సభలో కోలారు బంగారు గనులలో పనిచేసిన కుటుంబములవారు కలరు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. కాని వారి ఇండ్లలో కేజి మాట, గంట మాట ఇప్పటికిని మరపునకు రాలేదు. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అంత లోతునకు మనుషులను దింపు కేజి గంట సంకేతమును బట్టియే కదలెడిది. గంట వినకమునుపు తొందరపడినచో ప్రాణములు పోవునని అందరికిని తెలియును. కారులోనున్న ఆ చిన్న గుంజు కూడ అట్టి గంటయే. కడ్డీ జరుపుట మన వంతు. "పట్టుకొంటిని" అని చెప్పుట బండి వంతు. అది చెప్పకమునుపు యాక్సిలరేటరు త్రొక్కుట గంట వినక కేజిని వదలుట వంటిది. ఆ హమాలీ సోదరుడు రెండడుగులు ప్రక్కకు వేసియుండకపోయినచో నేను ఈ దినము ఈ వేదికపై నిలువగలనా అని అప్పుడప్పుడు తలచుకొందును.

కావున నా మనవి ఇది. మీ ఇంట ఇట్టి పాత బండి ఉన్నచో రాబోవు ఆదివారము దానిని చదునైన చోట నిలిపి, నేను చెప్పినట్లు ఆలస్యమును కొలిచి, ఒక పుస్తకములో వ్రాసికొనుడు. కొలకడ్డీ తీసి ఆయిలు చూడుడు. బండి నిలుచు చోట నేలపై చుక్కలున్నవేమో చూడుడు. ఒక్కరే చేయక, ఇంటిలోని పడుచువారిని ప్రక్కన పెట్టుకొనుడు. షెడ్డునకు పోయినప్పుడు ఆ మూడు ప్రశ్నలకు జవాబులతో పోవుడు. ఉదయమా, పగలా? ముందుకా, వెనుకకా? ఆయిలు మార్చినది ఎప్పుడు? జవాబు తెలిసిన గిరాకికి మంచి మెకానిక్కు ఇష్టముగా పని చేయును. తొందరపడు మెకానిక్కు కూడ ఒకసారి ఆలోచించి మాట చెప్పును.

మా తమ్ముడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చున్నాడు. వాడు ఆ బండిని తానే నడుపుకొని వచ్చినాడు. సభ ముగిసిన తరువాత మరల తానే నడుపుకొని పోవును. బయటికి వచ్చినప్పుడు చూడుడు. గేరు వేసి, కాలు బ్రేకు మీదనే ఉంచి, కొంచెమాగును. వెనుక ఎవరు హారను కొట్టినను వాడు తొందరపడడు. నేను కూడ ఇప్పుడు అట్లే చేయుచున్నాను.